గిడుగు రామమూర్తి - రచనా బోధన, బాలల వాచకాలు

గిడుగు వేంకట రామమూర్తి (1863 ఆగస్టు 29 - 1940 జనవరి 22) తెలుగు భాషావేత్త, ఉపాధ్యాయుడు, శాసన పరిశోధకుడు, సవర పిల్లల కోసం వాచకాలు వ్రాసిన గ్రంథకర్త. వ్యావహారిక భాషోద్యమానికి ఆద్యుడుగా ఈయన ప్రసిద్ధుడు. రామమూర్తి పంతులు అనే పేరుతో కూడా ఈయనను వ్యవహరిస్తారు. ఈయన పుట్టిన రోజైన ఆగస్టు 29ని ఆంధ్ర ప్రదేశ్‌లో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటారు.

వ్యావహారిక భాషోద్యమాన్ని సాధారణంగా కవులకు, పండితులకు మధ్య జరిగిన వాదంగా వర్ణిస్తారు. కాని దాని మూలం తరగతి గదిలో ఉంది. బడిలో చదివే పిల్లవాడు తన ఆలోచనను ఏ భాషలో వ్రాయాలి అన్నదే దాని తొలి ప్రశ్న. రామమూర్తి ఈ ప్రశ్నను మొదట సవర పిల్లల విషయంలోను, తరువాత తెలుగు పిల్లల విషయంలోను ఎదుర్కొన్నాడు. రెండు సందర్భాలలోను ఆయన ఇచ్చిన సమాధానం ఒక్కటే. ఈ వ్యాసం ముఖ్యంగా ఆయన బోధనా కృషిని, బాలల కోసం చేసిన రచనలను వివరిస్తుంది.

జననం, విద్యాభ్యాసం

రామమూర్తి శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలో, వంశధార తీరాన ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం ప్రస్తుతం శ్రీకాకుళం జిల్లాలో ఉంది. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి పర్లాకిమిడి జమీందారీలో ఉద్యోగి. తరువాత ఆయన చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడ జ్వరంతో మరణించాడు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు. ఆపైన విశాఖపట్నంలోని మేనమామ ఇల్లు ఆయనకు ఆశ్రయమయింది. విజయనగరంలో మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. అక్కడ గురజాడ అప్పారావు (1862 - 1915) ఆయనకు సహాధ్యాయి. ఈ స్నేహం తరువాతి కాలంలో తెలుగు భాష చరిత్రను మార్చింది.

ఇంటి పరిస్థితుల కారణంగా పై చదువులు వెంటనే సాగలేదు. 1880లో నెలకు 30 రూపాయల జీతంపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఎ., 1896లో బి.ఎ. పూర్తి చేశాడు. బి.ఎ.లో ఆయన ప్రధాన పాఠ్యాంశం చరిత్ర. పాఠశాల కళాశాలగా మారిన తరువాత కళాశాల తరగతులకు కూడా పాఠాలు చెప్పాడు. చరిత్ర బోధించే రోజులలోనే శ్రీముఖలింగ దేవాలయాలలోని శాసనాలను స్వయంగా చదివి, తూర్పు గాంగ రాజుల గురించి పరిశోధన వ్యాసాలు ప్రకటించాడు. శాసనాలలోని తెలుగును చదివిన అనుభవం వలన భాష కాలంతో పాటు మారుతుందన్న సంగతి ఆయనకు ప్రత్యక్షంగా తెలిసింది. 30 సంవత్సరాల సర్వీసు పూర్తయిన పిమ్మట 1911లో ఉద్యోగ విరమణ చేశాడు.

సవర బాలలకు చదువు

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండలలో సవరలు నివసిస్తారు. వీరు ప్రస్తుతం ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలలోను, ఒడిషాలోని గజపతి, రాయగడ జిల్లాలలోను ఎక్కువగా ఉన్నారు. వీరి భాష ముండా శాఖకు చెందినది. ముండా భాషలు ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబంలోనివి. కాబట్టి ద్రావిడ భాష అయిన తెలుగుతో గాని, ఆర్య భాష అయిన ఒరియాతో గాని సవరకు పుట్టుక రీత్యా సంబంధం లేదు. ఈ భాషలో కంఠమూలాన్ని క్షణకాలం మూసి పలికే ధ్వని ఉంది. దీనికి తెలుగు వర్ణమాలలో అక్షరం లేదు. అలాగే కర్మను తెలిపే నామం క్రియాపదంలోనే ఇమిడిపోయే ప్రయోగాలు ఇందులో కనిపిస్తాయి.

ఇటువంటి భాష మాట్లాడే పిల్లవానిని తెలుగు బడిలో గాని, ఒరియా బడిలో గాని కూర్చోబెడితే అతడు అక్షరాలను, పరాయి భాషను ఏకకాలంలో నేర్చుకోవలసి వస్తుంది. పలకపై వ్రాసిన మాటకు అర్థం తెలియదు. అర్థం తెలిసిన మాటను పలకపై వ్రాయనివ్వరు. రామమూర్తి ఈ ఇబ్బందిని గుర్తించాడు. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలంటే ముందుగా తాను ఆ భాష నేర్చుకోవాలని నిశ్చయించుకొన్నాడు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటిలో ఉంచుకొని చాలా కాలం ఆ భాషను అభ్యసించాడు. కొండ గ్రామాలు తిరిగి పాటలు, కథలు సేకరించాడు. సవర మాటలను తెలుగు లిపిలో వ్రాసి పిల్లల కోసం వాచకాలు తయారు చేశాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి, అధ్యాపకులకు జీతాలు చెల్లించాడు. చిన్న జీతంపై కుటుంబాన్ని పోషించుకొనే ఉపాధ్యాయునికి ఇది తేలికైన పని కాదు.

వాచకం వ్రాయడానికి వర్ణమాల, పదజాలం, వ్యాకరణం ఈ మూడూ కావాలి. అందుచేత పిల్లల బడి కోసం మొదలైన పని క్రమంగా భాషాశాస్త్ర పరిశోధనగా పెరిగింది. ఆంగ్లంలో ఆయన వ్రాసిన సవర వ్యాకరణాన్ని 1931లోను, సవర - ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వం ముద్రించింది. వీటిలో ధ్వనులను అంతర్జాతీయ ధ్వని లిపి పద్ధతిలో సూచించాడు. విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శిక్షణ పొందని ఒక ఉపాధ్యాయుడు సొంత కృషితో ఈ గ్రంథాలను తయారు చేశాడు. ముండా భాషల అధ్యయనంలో ఇవి తరువాతి పరిశోధకులకు ఆధార గ్రంథాలయ్యాయి.

ఈ పరిశ్రమకు ఆయన ఆరోగ్యం బలి అయింది. మన్యపు జ్వరాలకు క్వినైను ఎక్కువగా వాడినందువల్ల వినికిడి శక్తి చాలా వరకు పోయింది. మాట్లాడే భాష కోసం జీవితమంతా పోరాడిన వ్యక్తి చివరి దశాబ్దాలను చెవుడుతోనే గడిపాడు.

నాటి బడిలో తెలుగు రచన

తెలుగు వచన రచనకు 19వ శతాబ్ది మధ్య కాలం నుండి చిన్నయ సూరి రచనలు ప్రమాణమయ్యాయి. ఆయన నీతిచంద్రిక (1853) ఆదర్శ వచనంగాను, బాలవ్యాకరణం లక్షణ గ్రంథంగాను పాఠశాలలలో స్థిరపడ్డాయి. బాలవ్యాకరణం ప్రధానంగా ప్రాచీన కావ్యాల భాషకు లక్షణం చెప్పింది. పరీక్షలో వ్యాసం వ్రాసే విద్యార్థి ఆ నియమాలను పాటించవలసి ఉండేది. ఈ భాషనే గ్రాంథిక భాష అంటారు.

ఈ నియమాల వలన కలిగే కష్టాన్ని ఒక చిన్న ఉదాహరణతో గ్రహించవచ్చు. పిల్లవాడు ఇంట్లో "చిలకను చూశాడు" అంటాడు. బడిలో "చిలుకను చూచెను" అని వ్రాయాలి. మాటల వరుస మారితే "చూచెఁ జిలుకను" అవుతుంది. ఇక్కడ ద్రుతం అరసున్నగా మారింది. దాని తరువాతి పరుషం సరళమై, చిలుక కాస్తా "జిలుక" అయింది. దీనికి తోడు శకటరేఫం ఎక్కడ వ్రాయాలి, అరసున్న ఎక్కడ పెట్టాలి, ఏ రెండు పదాల మధ్య సంధి నిత్యం, ఎక్కడ వైకల్పికం అన్నవన్నీ గుర్తుంచుకోవాలి. ఇవి పలుకుబడిలో లేనివి కనుక చెవి సహాయం చేయదు. కంఠస్థం చేయడమొక్కటే మార్గం. దాని ఫలితంగా విద్యార్థి చూసినదాన్ని, అనుకొన్నదాన్ని వ్రాయడం మాని, తప్పు రాదని నమ్మకం ఉన్న వాక్యాలను మాత్రమే తిప్పి తిప్పి వ్రాసేవాడు.

విశాఖపట్నంలో ఆరంభం

ఆ కాలంలో విశాఖపట్నం ఒక జిల్లా కేంద్రం మాత్రమే. నౌకాశ్రయం 1933లో ప్రారంభమయింది. ఉక్కు కర్మాగారం చాలా తరువాతిది. అయినా మద్రాసు రాజధాని ఉత్తర భాగంలో అది ముఖ్యమైన విద్యా కేంద్రంగా ఉండేది. 1860లో పాఠశాలగా మొదలైన మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ఇక్కడ పేరు పొందిన సంస్థ. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆ కళాశాలకు పి.టి. శ్రీనివాస అయ్యంగారు (1863 - 1931) ప్రిన్సిపాలుగా పని చేశాడు. ఆయన చరిత్రకారుడుగా కూడా ప్రసిద్ధుడు.

1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా ఉన్నాడు. భాషను అనువాదం ద్వారా కాక, నేరుగా మాటల ద్వారా నేర్పాలనే పద్ధతిని ఆయన ప్రోత్సహించేవాడు. తెలుగు నేర్చుకొన్న యేట్స్‌కు బడులలో తెలుగు పాఠం చెప్పే తీరు విచిత్రంగా తోచింది. ఉపాధ్యాయుడు వాచకంలోని ప్రతి మాటకు మరొక మాట అర్థంగా చెప్పేవాడు, పిల్లలు దానిని వల్లించేవారు. పిల్లలు, పెద్దలు మాట్లాడుకొనే భాష ఒకటి, పుస్తకంలో ఉన్నది మరొకటి. ఈ తేడా ఎందుకు ఉన్నదని ఆయన శ్రీనివాస అయ్యంగారిని ప్రశ్నించాడు. అయ్యంగారు విజయనగరంలో ఉన్న గురజాడను, పర్లాకిమిడిలో ఉన్న రామమూర్తిని సంప్రదించవలసిందని సూచించాడు.

ఈ నలుగురి సమాలోచనల నుండి ఆధునిక భాషోద్యమం ఆవిర్భవించింది. అయ్యంగారు ఉపాధ్యాయులను కూడగట్టి బోధనా పద్ధతుల సంస్కరణకు పూనుకొన్నాడు. దేశభాషల బోధన గురించి ఆంగ్లంలో ఒక చిన్న పొత్తం కూడా ప్రకటించాడు. గురజాడ అప్పటికే కన్యాశుల్కం (1897) నాటకంలో వాడుక భాషకున్న శక్తిని నిరూపించి ఉన్నాడు. రామమూర్తికి సవర బడుల అనుభవం ఉంది. పిల్లవానికి తెలిసిన మాటతోనే చదువు మొదలు కావాలన్న సూత్రాన్ని ఆయన కొండ గ్రామాలలో ఆచరణలో పెట్టి ఉన్నాడు. తెలుగు పిల్లల పరిస్థితి కూడా సవర పిల్లల పరిస్థితి వంటిదేనని ఆయనకు స్పష్టమయింది. తెలుగు బడిలో తెలుగు పిల్లవానికే తన భాష పరాయిదయింది.

వాడుక భాషలో పిల్లలకు పుస్తకాలు లేవన్న కొరతను తీర్చడానికి కొందరు రచయితలు ముందుకు వచ్చారు. శెట్టి లక్ష్మీనరసింహం వ్రాసిన గ్రీకు పురాణ కథలు, వేదం వేంకటాచలయ్య వ్రాసిన విధిలేక వైద్యుడు వాటిలో చెప్పుకోదగినవి.

వ్యాసరచన పరీక్ష వివాదం

1912-13లో స్కూలు ఫైనల్ బోర్డు ఒక ముఖ్యమైన మార్పు చేసింది. తెలుగు వ్యాసరచన పరీక్షను విద్యార్థులు కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని పాఠశాలలకు తెలియజేసింది. ఆధునిక భాషకు మాదిరిగా బ్రౌన్ తెలుగు రీడరును, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను పేర్కొన్నది.

ఈ ఉత్తర్వు పండితులలో తీవ్రమైన అలజడి కలిగించింది. జయంతి రామయ్య పంతులు నాయకత్వంలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు దీనిని వ్యతిరేకించింది. వేదం వేంకటరాయ శాస్త్రి, వావిలకొలను సుబ్బారావు వంటి పండితులు పరిషత్తుకు మద్దతు పలికారు. వ్యాస పరీక్షలో గ్రాంథిక భాషనే ఉంచాలని, పాఠ్యపుస్తకాలను వాడుక భాషలో వ్రాయించరాదని ఊరూరా సభలు జరిపి తీర్మానాలు చేశారు. రామమూర్తి 1913లో ఆంగ్లంలో ఆధునిక తెలుగుపై ఒక విజ్ఞాపనను ప్రకటించాడు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. ఈ పత్రం తెలుగు భాషా చరిత్రలో ప్రసిద్ధమైనది. అయినా ఆ దశలో పైచేయి గ్రాంథికవాదులదే అయింది. 1915 నవంబరు 30న గురజాడ మరణించడంతో ఉద్యమ భారం చాలా వరకు రామమూర్తిపై పడింది.

రామమూర్తి వాదన

రామమూర్తి వాదనలోని ముఖ్యాంశాలను ఈ విధంగా సంగ్రహించవచ్చు.

* భాష మారడం సహజం. నన్నయ కాలపు భాష తిక్కన కాలానికే కొంత మారింది. శాసనాలు, వ్యాఖ్యానాలు, కైఫీయతులు ఈ మార్పులకు సాక్ష్యం.
* ప్రాచీన కావ్యభాష చదివి ఆనందించవలసిన సంపద. దానిని పై తరగతులలో నేర్పవలసిందే. కాని నేటి విషయాన్ని నేడు వ్రాయడానికి అది సాధనం కాదు.
* వ్రాతకు ప్రమాణం శిష్టవ్యవహారం. అంటే చదువుకొన్నవారు నలుగురిలో మర్యాదగా మాట్లాడుకొనే భాష. తోచినట్లు వ్రాయవచ్చునని దీని అర్థం కాదు.
* వాడుక భాషకు కూడా వ్యాకరణం ఉంది. మాట్లాడేవారి అలవాటులో ఉన్న ఆ నియమాలను పరిశీలించి చెప్పడమే వ్యాకర్త పని.
* గ్రాంథిక భాషను తప్పులు లేకుండా వ్రాయడం పండితులకే సాధ్యం కావడం లేదు.

వీటిలో చివరిది ఆయనకు ప్రధానమైన ఆయుధం. రామమూర్తి గ్రాంథికం రాక వాడుక భాషను సమర్థించినవాడు కాడు. ప్రాచీన గ్రంథాలను, వ్యాకరణాలను ఆయన క్షుణ్ణంగా చదివాడు. ప్రత్యర్థులు వ్రాసిన గ్రాంథిక వచనాన్నే తీసుకొని, వారు ప్రమాణంగా చెప్పే వ్యాకరణం ప్రకారమే అందులోని దోషాలను పట్టికలు వేసి చూపేవాడు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అనే గ్రంథం ఈ కోవలోనిది. పండితులను హేళన చేయడం కంటె ఒక ఉపాధ్యాయుని ప్రశ్నను వారి ముందుంచడమే దీని ప్రయోజనం. జీవితమంతా వ్యాకరణం చదివిన పెద్దలు వ్రాయలేని భాషలో పదిహేనేళ్ళ విద్యార్థి వ్రాయాలని, వ్రాయలేకపోతే పరీక్షలో తప్పించాలని అనడం న్యాయమేనా?

బాలకవి శరణ్యం కూడా ఈ దృష్టితో వ్రాసినదే. కొత్తగా రచన ప్రారంభించినవారి ప్రయోగాలను తప్పులని కొట్టివేసే పద్ధతిని ఖండిస్తూ, అటువంటి ప్రయోగాలు పూర్వకవుల గ్రంథాలలో ఉన్నాయని ఇందులో చూపించాడు. గద్యచింతామణిలో తెలుగు వచనం నడిచిన తీరును పరిశీలించాడు.

గ్రాంథికవాదుల అభిప్రాయాలు

గ్రాంథికవాదుల వాదనలో కూడా విచారించవలసిన అంశాలు ఉన్నాయి. తెలుగు నేలపై మాటతీరు జిల్లాకొక విధంగా ఉంటుంది. వాడుక భాషలో వ్రాయడం మొదలుపెడితే ఎవరి వాడుకను అనుసరించాలి, ఒక ప్రాంతపు పుస్తకం మరొక ప్రాంతానికి అర్థమవుతుందా అని వారు ప్రశ్నించారు. వందల సంవత్సరాలుగా మారని కావ్యభాష తెలుగువారందరినీ కలిపి ఉంచుతున్నదని, అది పోతే పిల్లలకు ప్రాచీన సాహిత్యంతో సంబంధం తెగిపోతుందని భయపడ్డారు. జయంతి రామయ్య పంతులు ఈ వాదాన్ని సమర్థంగా వినిపించాడు.

ముద్రణ, పత్రికలు, ప్రయాణాల వలన చదువుకొన్నవారి భాష క్రమంగా ఒక రూపానికి వస్తుందన్నది వ్యావహారికవాదుల సమాధానం. తరువాతి కాలంలో తెలుగు పత్రికల భాష చాలా వరకు ఈ విధంగానే రూపొందింది.

ఇతర భాషలలో

ఇటువంటి వివాదం తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. గ్రీసు దేశంలో ప్రాచీన రూపాలతో కూడిన శుద్ధ భాషకు, జనవ్యవహారంలోని భాషకు మధ్య సుదీర్ఘమైన పోరాటం జరిగింది. 1911 నాటి ఆ దేశ రాజ్యాంగం శుద్ధ భాషకు రక్షణ కల్పించింది. 1976లో మాత్రమే జనభాష విద్యాబోధనకు అధికార భాష అయింది. బెంగాలీలో సాధుభాషకు, చలిత భాషకు మధ్య వాదం నడిచింది. ప్రమథ చౌధురి 1914లో స్థాపించిన సబుజ్ పత్ర పత్రిక చలిత భాషకు వేదిక అయింది. తెలుగులో వ్యాస పరీక్ష వివాదం జరిగిన సంవత్సరాలు కూడా ఇవే.

1919 తరువాత

1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. దీనికి కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడు, రామమూర్తి కార్యదర్శి. చాలా కాలం గ్రాంథికంలో వ్రాసిన వీరేశలింగం ఈ పక్షానికి రావడం ఉద్యమానికి బలం చేకూర్చింది. కాని అదే సంవత్సరం మే నెలలో ఆయన మరణించాడు. ఆ కాలంలోనే రామమూర్తి తెలుగు అనే పేరుతో మాసపత్రికను నడిపాడు. అది కొంతకాలమే సాగింది.

తరువాత ఆయన ఊరూరా తిరిగి సభలలో ప్రసంగించాడు. 1925లో తణుకులో జరిగిన సాహిత్య సభలో పూర్వ గ్రంథాల నుండి ఉదాహరణలు చూపుతూ నాలుగు గంటల సేపు ఉపన్యసించాడు. ఆయన శిష్యులలో తాపీ ధర్మారావు (1887 - 1973) ముఖ్యుడు. పర్లాకిమిడిలో రామమూర్తి వద్ద చదువుకొన్న ధర్మారావు 1930వ దశకంలో జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపాడు.

బాలసాహిత్యంలో గిడుగు కుటుంబం

రామమూర్తి కుమారుడు గిడుగు వెంకట సీతాపతి (1885 - 1969) సవర భాషా పరిశోధనలో తండ్రికి తోడుగా నిలిచాడు. భాషావేత్తగా, సాహిత్య చరిత్రకారుడుగా పేరు పొందిన సీతాపతి పిల్లల కోసం గేయాలు కూడా వ్రాశాడు. పిల్లలు పాడుకొనే పాట వారి నోటికి అలవాటైన మాటలతో ఉండాలన్న దృష్టి ఈ కుటుంబంలో తండ్రి నుండి కుమారునికి సంక్రమించింది.

చివరి దశ, గౌరవాలు

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడిని అందులో చేర్చారు. ఈ నిర్ణయాన్ని వ్యతిరేకించిన రామమూర్తి అర్ధ శతాబ్దానికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమండ్రి చేరాడు. ప్రభుత్వం ఆయనకు రావు సాహెబ్ బిరుదును, కైజర్-ఎ-హింద్ పతకాన్ని ఇచ్చి గౌరవించింది. 1933లో ఆయన సప్తతి సందర్భంగా మిత్రులు, పండితులు వ్యాస సంపుటాన్ని సమర్పించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1938లో కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరి నెలలో పత్రికా సంపాదకులను ఉద్దేశించి, వాడుక భాషను ఆదరించవలసిందిగా విన్నవించాడు. ఆ తరువాత కొద్ది రోజులకే, జనవరి 22న మరణించాడు.

ప్రభావం

రామమూర్తి జీవితకాలంలో పాఠశాల పరీక్షలలో వాడుక భాషకు స్థిరమైన స్థానం లభించలేదు. కథ, నవల, నాటకం, పత్రిక ముందుగా మారాయి. విద్యారంగం చివరకు మారింది. విశ్వవిద్యాలయాలు, పాఠ్యపుస్తకాలు, పరీక్షలు వ్యావహారికాన్ని పూర్తిగా అంగీకరించడం 1960, 1970వ దశకాలలో జరిగింది. అంటే స్కూలు ఫైనల్ బోర్డు ఇచ్చిన అవకాశం మళ్ళీ విద్యార్థులకు దక్కడానికి అర్ధ శతాబ్దం పట్టింది. ఈ మధ్యకాలంలో రెండు తరాల పిల్లలు తమ మాటకు చోటు లేని తెలుగులోనే పరీక్షలు వ్రాశారు.

శిష్టవ్యవహారం అనే ప్రమాణంపై తరువాతి కాలంలో విమర్శ వచ్చింది. అది ఆచరణలో కోస్తా జిల్లాలలోని చదువుకొన్న వర్గాల భాషగా మిగిలిపోయిందని తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర రచయితలు అభిప్రాయపడ్డారు. విశాఖపట్నంలో న్యాయవాదిగా పని చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922 - 1993) ఉత్తరాంధ్ర సామాన్యుల పలుకుబడిని తన కథలలో సమర్థంగా వాడాడు. అయితే ఇంటి మాటకు బడిలో, పుస్తకంలో గౌరవం కావాలనే ఈ కోరిక రామమూర్తి సూత్రానికి కొనసాగింపే.

సవర భాష విషయంలో కూడా ఆయన ఆలోచన ఆలస్యంగానే కార్యరూపం దాల్చింది. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించాడు. ఈ లిపికి 2012లో యూనికోడులో స్థానం లభించింది. ఆంధ్ర ప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం క్రింద ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతులకు వాచకాలు తయారయ్యాయి. వాటిలో సవర ఒకటి. ఈ వాచకాలకు తెలుగు లిపినే వాడారు. పర్లాకిమిడి కొండలలో ఒక ఉపాధ్యాయుడు సొంత ఖర్చుతో చేసిన ప్రయత్నం సుమారు నూరేళ్ళ తరువాత ప్రభుత్వ విద్యా విధానంలో భాగమయింది.

ముఖ్య రచనలు

* సవర వాచకాలు, సవర పాటలు, కథలు
* ఆధునిక తెలుగుపై విజ్ఞాపన (ఆంగ్లం, 1913)
* సవర భాషా వ్యాకరణం (ఆంగ్లం, 1931)
* గద్యచింతామణి
* బాలకవి శరణ్యం
* ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం
* సవర - ఇంగ్లీషు నిఘంటువు (1938)
* వ్యాసావళి